జేబు లేని బట్టలు

మూడో నెల గర్భం పోయిన రోజు, ఆసుపత్రికి వెళ్లే ముందు ఆమె చేసిన ఆఖరి పని రేడియోలో సెల్స్ మార్చడం.

రాడార్ కేంద్రంలో భర్త యంత్రం నడుపుతాడు. ఆమెది శుభ్రం చేసే ఉద్యోగం. వారానికోసారి గోపురం మీద తిరిగే యాంటెన్నాని ఆపి, దాన్నుంచి వెలువడే తరంగాలనూ ఆపేశాక, ఆమె పైకెక్కి తుడవాలి. యంత్రం ఆపి తీసిన తాళంచెవి, పైకెక్కే మనిషి జేబులోనే ఉండాలని గోడ మీద ఎర్రగా రాసి ఉంటుంది. అలా ఉంటే కిందివాళ్లు పొరపాటున కూడా మళ్లీ వెయ్యలేరు. మొదటి రోజే భర్త నవ్వాడు. "నీ బట్టలకి జేబెక్కడుందే? పారేసుకుని అందరిచేతా వెతికిస్తావు. నేను లేనా?" తాళంచెవి అతని దగ్గరే ఉండిపోయింది, ఇంట్లో బీరువాది అత్తగారి దగ్గర ఉన్నట్టే.

"బకెట్లు మొయ్యొద్దంటే విన్నావా? నా మాట నీ చెవికెక్కితేగా!" అన్నారు అత్తగారు. "ఇదీ కారణమని చెప్పలేమమ్మా. నీ తప్పేం లేదు," అంది డాక్టరమ్మ. ఆ రెండో మాట ఇంట్లో ఎవరికీ వినిపించలేదు.

మంచం మీద పడుకుని ఆమె, బకెట్‌కి తగిలించి పనికి తీసుకెళ్లే ఆ చిన్న రేడియో గురించే ఆలోచించింది. మామూలు రోజుల్లో కింద ఊడుస్తుంటే, యాంటెన్నా ఇటు తిరిగినప్పుడల్లా అది ఒకసారి గుర్రుమనేది. ఆ రోజు యాంటెన్నా ఆగే ఉంది. కానీ పైన తుడుస్తున్నంతసేపూ రేడియో ఆగకుండా గుర్రుమంది. సెల్స్ అయిపోయాయనుకుంది. ఆ పాత సెల్స్‌ని అత్తగారు టార్చిలైటులో వేశారు. పది రోజులైనా అది నిక్షేపంలా వెలుగుతోంది.

"ఆ రోజు యంత్రం ఆపారా?" రాత్రి భర్తకి వడ్డిస్తూ అడిగింది.

"ఆపకుండా పంపుతానా? పదింటికి ఆపాను. రిజిస్టరులో ఉంది, చూసుకో. నీకు అనుమానం జబ్బు పట్టుకుంది."

జవాబు మరీ తొందరగా వచ్చింది. పొద్దున్నే టీ తాగుతూ ఆ రోజు వేళలన్నీ అతను ముందే రిజిస్టరులో రాసేసుకోవడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు! ఒకసారి ఆపితే మళ్లీ వేడెక్కడానికి అరగంట అని విసుక్కోవడం ఎన్నిసార్లు వినలేదు! దానివల్లే బిడ్డ పోయిందని ఆమె అనడం లేదు. డాక్టరమ్మకే తెలియనిది తనకేం తెలుసు? కానీ తనని దేని ముందు నిలబెట్టారో తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు.

మర్నాడు పాత దుప్పటి ముక్కతో పని బట్టలకి జేబు కుట్టింది.

"జేబెందుకే? ఏం దాచుకుంటావు?"

"తాళంచెవండీ, అత్తయ్యా."

తర్వాత పై అధికారికి కాగితం రాసింది. రేడియో సంగతి, టార్చిలైటు సంగతి రాసి, గోపురం మీద తరంగాల కొలతలు తీయించమని అడిగింది. కింద సంతకం పెట్టింది. ఆ రోజు యంత్రం దగ్గర ఎవరున్నారో చెప్పాల్సిన చోట మాత్రం ఇంకా పేరు రాయలేదు.