ఓడకు చెవులు

ఇసో పీపా లోపల నిలబడి గోడను గీకుతోంది. ద్రాక్షసారా నిలవుంచే, ఇద్దరు మనుషుల ఎత్తున్న చెక్క పీపా అది. పైమూత తీసి, నిచ్చెన మీదుగా లోపలికి దిగాలి. ఇనుప రేకుతో గీకినచోటల్లా తెల్లటి పలుకులు జలజలా రాలి, కాళ్ళ దగ్గర పరిచిన గుడ్డలో పడుతున్నాయి. చూడ్డానికి రాళ్ళుప్పులా ఉంటాయి కానీ నాలుక మీద పెడితే పళ్ళు పులిసిపోతాయి. రెండు రోజులుగా జలుబు. ముక్కు మోచేతితో తుడుచుకుని మళ్ళీ గీకింది.

యుద్ధానికి ముందు మా కత్సునుమ ఊళ్ళో ఈ పలుకుల్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. కోషూ ద్రాక్ష పిండిన సారాను టీ కప్పుల్లో పోసుకు తాగేవాళ్ళం. పెళ్ళికీ అదే, చావుకీ అదే. ఇప్పుడు నౌకాదళానికి సారా అక్కర్లేదు, పలుకులు కావాలి. వాటితో ఓడలకు చెవులు చేస్తారట. నీళ్ళ కింద దొంగలా వచ్చే జలాంతర్గామి చప్పుడు ఆ చెవులకు వినిపిస్తుందట. పులుపంతా లాగేశాక మిగిలినది కుడితి. తాతల నాటి నుంచి పందిళ్ళ కింద మెడలు విరుచుకుని పెంచిన పండుకు ఈ గతి పట్టిందే అని ముసలివాళ్ళు ఏడ్చారు.

ఇసో ఏడవలేదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు తోకుజి కాపలా ఓడ మీద ఉన్నాడు. ఆ ఓడ చెవిలో తను గీకిన పలుకు ఒక్కటైనా ఉండకపోతుందా అని ఆమె ఆశ. యాభై ఏళ్ళు నిండని ఆ మనిషికి చలికి వేళ్ళు పగిలి, పులుపు తగిలి మండుతున్నా చెయ్యి ఆగేది కాదు.

మధ్యాహ్నం మేస్త్రీ కుమేజో పక్కన కూర్చుని తిండి తింది. గుమ్మడికాయ పులుసులో నాలుగు పిండి పట్టీలు. పీపాలోకి దిగేముందు వెలిగించిన కొవ్వొత్తిని తాడుతో లోపలికి దించాలని ఆయన నియమం. అడుగున మడ్డి పొంగుతుంటే విషగాలి చేరుతుంది. దీపం ఆరిందంటే దిగకూడదు. అందుకని ఒక్కొక్కరికీ నెలకో కొవ్వొత్తి ఇచ్చేవాడు.

"నీ కొవ్వొత్తి కరగదేమమ్మా? అందరివీ కరిగాయి."

ఇసో నవ్వింది. "ఊళ్ళో కరెంటు లేదు, ఇంట్లో నూనె లేదు. వాడొచ్చిన రాత్రి మొహం చూసుకోవద్దా పెద్దయ్యా? కన్నకొడుకుని చీకట్లో తడుముకోమంటావా?"

"వాడొచ్చేదాకా నువ్వుండాలి కదే పిచ్చిదానా."

"నా ముక్కుంది. ఇరవై ఏళ్ళుగా ఘాటు ముక్కుకి తగిలితే దిగను, లేకపోతే దిగుతాను. ఏమైంది?"

ఈసారి తప్పకుండా దించమని చెప్పి, దించుతానని ఆమె చేత అనిపించుకుని, నౌకాదళం బండికి బస్తాలెత్తించడానికి కుమేజో బయటికి వెళ్ళాడు.

చివరి పీపా నిన్ననే ఖాళీ చేసినది. అడుగున మడ్డి ఇంకా తీయలేదు. ఇసో మూత తీసి, తల వంచి వాసన చూసింది. ఏమీ తగల్లేదు. జలుబు ముక్కుకి ఏం తగులుతుంది? నిచ్చెన దిగింది.

బస్తాలెత్తించి వచ్చిన కుమేజోకు గీకుడు చప్పుడు వినిపించలేదు. పేరు పెట్టి పిలిచాడు. తన కొవ్వొత్తి వెలిగించి తాడుతో దించితే సగంలోనే ఆరిపోయింది. కొక్కేలు వేసి పైకి లాగేసరికి అంతా అయిపోయింది. గుడ్డలో ఆమె గీకిన గుప్పెడు పలుకుల్ని కూడా బండిలోకెక్కించారు.

ఆ రాత్రి శవం దగ్గర చీకట్లోనే కూర్చున్నారు. ఆమె కొవ్వొత్తి ఉంది కదా, వెలిగిద్దామని ఎవరో అన్నారు. కుమేజో ఒప్పుకోలేదు. అది తోకుజిదని చెప్పి, తీసుకెళ్ళి దేవుడి అరలో పెట్టాడు.

చలికాలం పోయింది, యుద్ధమూ పోయింది. తోకుజి ఓడ తిరిగి రాలేదు. అరలో కొవ్వొత్తి మీద దుమ్ము పట్టింది కానీ, వత్తి ఇంకా తెల్లగానే ఉంది.