చొప్పలోని చక్కెర

ప్రేమలత స్పిరిటు దీపం పక్కన ఫ్లాస్కు మూతికున్న దూది తీసి వాసన చూసింది. తడి మట్టి వాసన రావాలి. పులిసిన గంజి వాసన కొట్టింది.

2014 మే నెల, సోమవారం పొద్దున తొమ్మిది. పదకొండింటికి ఢిల్లీ నుంచి దిగే అధికారి విమానాశ్రయం నుంచి నేరుగా సాతంరాయిలోని ఈ చిన్న ప్రయోగశాలకే వస్తాడు. జొన్న చొప్పను చక్కెరగా, ఆ చక్కెరను బండ్లు నడిపే ఇంధనంగా మార్చే పని ఇంకో రెండేళ్లు సాగాలో, ఇవాళే మూతపడాలో తేల్చేది ఆయనే. చొప్పను చక్కెర చేసే బాక్టీరియా ఈ ఫ్లాస్కులోనే ఉంది. కొత్వాల్‌గూడలో అటెండరు ఐలయ్య కొట్టం వెనక కుళ్లిన చొప్పలో దొరికిందది. ప్రేమలత దాన్ని పదిహేను రోజులకోసారి కొత్త తిండిలోకి మారుస్తూ ఆరేళ్లుగా చంటిపిల్లను సాకినట్టు సాకింది.

నలభై ఎనిమిదేళ్ల బక్కపలచని మనిషి. వేళ్ల చివర్లు స్పిరిటుకు పాలిపోయాయి, ముక్కు మీద కళ్లద్దాల నొక్కులు. పేపర్లో ఆమె ఫొటో ఎన్నడూ పడలేదు. పడాలని కోరుకోలేదంటే మాత్రం అబద్ధం.

సూక్ష్మదర్శినిలో చూసింది. పుల్లల్లాంటి తన బాక్టీరియా మధ్య గుండ్రటి పరాయి కణాలు కిటకిటలాడుతున్నాయి. ఎలా వచ్చాయో ఆమెకు తెలుసు. శనివారం కరెంటు పోయింది. గాలిని వడగట్టే యంత్రం ఆగిపోతే, గాలిలోని క్రిములు పడకుండా కిటికీలు మూసి దీపం మంట ముందే మార్పిడి చేస్తోంది. ఆమె చెమటలు చూసి జాలిపడ్డ ఐలయ్య, కరెంటు రాగానే గాలి తగులుతుందని ఫ్యాను స్విచ్చి వేసి పోయాడు. ఫ్లాస్కు తెరిచి ఉండగానే కరెంటు వచ్చింది. ఫ్యాను గిర్రున తిరిగి దీపం ఆరిపోయింది. ఏమీ కాదులే అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

"ఏంది మేడం, గట్లున్నరు?" ఐలయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చెడిపోయింది ఐలన్నా. ఫ్రిజ్‌ల దాచిన విత్తనం నుంచి మళ్ల పెంచాలంటే పది రోజులు పడ్తది."

"పోయిన నెల లెక్కలే చూపియ్యిండ్రి. ఆయనకేం ఎరుక? ఇగ ఇది బందైతే ఈ వయసుల నాకెవరిస్తరు పని?"

ఆమె పాత కాగితం చేతిలోకి తీసుకుంది కూడా. తేదీ ఒక్కటి మారిస్తే చాలు. పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. పదకొండు దాటాక బయట కారు ఆగిన చప్పుడైంది.

"ఏదమ్మా, చూపించండి," అన్నాడు అధికారి లోపలికి వస్తూనే.

"పాడైంది సార్. నా పొరపాటే. పది రోజులు ఇప్పించండి."

"ఆరేళ్లు ఇచ్చాం కదమ్మా! ఇక మూసేయండి." ఆయన వాచీ చూసుకున్నాడు.

ఐలయ్య తల దించుకున్నాడు. ఎవరి చేతిమీదుగా చెడిందో అతనికి తెలియదు. ఆమె తెలియనివ్వలేదు. కోపం లేక కాదు, లోపల కుతకుతలాడుతూనే ఉంది.

మధ్యాహ్నం ఫ్లాస్కులన్నీ ఆవిరి కుక్కర్లో పెట్టి వాటిలోని బాక్టీరియాను తన చేత్తోనే చంపింది. సాయంత్రం, "పోయొస్త ఐలన్నా" అని బస్సెక్కింది.

మర్నాడు ఫ్రిజ్ ఖాళీ చెయ్యమన్నారు. కనిపెట్టిన జీవికి తమ పేరో ఊరి పేరో పెట్టుకోవడం శాస్త్రజ్ఞుల ఆనవాయితీ. వెనక అరలో, ఐలయ్య చేతికి వేలెడంత గాజు గొట్టం తగిలింది. చెమ్మ తుడిస్తే, చీటీ మీద నీలం సిరాతో ప్రేమలత చేతిరాత: ఐలయ్య–1.