అగ్గిపెట్టెలో తెచ్చిన తూటా

అగ్గిపెట్టె ఖాళీగా ఉంది. తుపాకుల మేస్త్రి దాన్ని బోర్లించి బల్లమీద కొట్టాడు. ఏమీ రాలలేదు. పొద్దున కాంట్రాక్టరు తన తాత రివాల్వర్‌తోపాటు పాత తూటా ఒకటి ఆ పెట్టెలోనే వేసి తెచ్చాడు. రివాల్వర్ తీసుకుని వెళ్లిపోయాడు. మరి తూటా ఏది?

బల్లకింద చూశాడు. ఇనుప రజనులో చెయ్యిపెట్టి కెలికాడు. చొక్కా జేబులు తిరగేశాడు. అప్పుడు గుర్తొచ్చింది.

ఎంత ముచ్చటైన సరుకు అది! ట్రిగ్గర్ లాగితే చాలు, హ్యామర్ తనంతట తనే లేస్తుంది, తూటాలుండే సిలిండర్ ఒక అర తిరుగుతుంది, హ్యామర్ పడుతుంది. అంతా ఒక్క లాగుడులోనే, వెన్నపూస జారినట్టు. ఉత్తుత్తి తూటాలు వేసి లాగి లాగి మురిశాడు. అవి దులిపేశాక, కొలత చూద్దామని అసలు తూటాను ఒక అరలో జార్చాడు. అచ్చుగుద్దినట్టు కూర్చుంది. సరిగ్గా అప్పుడే, తూటాలు వెయ్యడానికి మధ్యకి విరిచి తెరిచిన మడత సందున, మసికింద ఒక బుల్లి ముద్ర కనబడింది. లోపలి భాగాలన్నిటికీ తానొక్కడే ఆకురాయి పట్టిన పనివాడు కొట్టుకునే గుర్తు. ఇన్నేళ్లూ వినడమే గాని కళ్లజూడలేదు. ఇక ఒళ్లు తెలియలేదు. భూతద్దంలో కాంట్రాక్టరుకూ చూపించి, మడత మూసి, గుడ్డలో చుట్టి, చంటిపిల్లను అందించినట్టు అందించాడు.

కాంట్రాక్టరుకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది.

"అన్నం పెట్టేశా," అంది భార్య లోపలినుంచి.

"నువ్వు తినెయ్. కాంట్రాక్టరింటికి పోయొస్తా."

"ఆ తుపాకీ మీద మనసు పారేసుకున్నావా ఏంటి?"

మేస్త్రి స్కూటరెక్కాడు. దారిలో ఎవరి బండి సైలెన్సరో ఢామ్మంటే స్కూటరు వేగం ఇంకా పెంచాడు. కాంట్రాక్టరు తెలివైనవాడే. మడత విప్పకపోయినా, హ్యామర్ కింద అర ఖాళీగా ఉందో లేదో సందులోంచి చూసుకునే ఉంటాడు. కానీ లాగగానే ఆ అర పక్కకు పోయి, దాని తర్వాతది వచ్చి కూర్చుంటుంది. ఆ ముక్క చెప్పనేలేదు.

గుమ్మంలోకే నవ్వులు వినిపించాయి. కాంట్రాక్టరు చేతిలో రివాల్వర్. ఎదురుగా బత్తాయి ఒలుస్తూ అతని బావమరిది. కాంట్రాక్టరు భార్య టీ పోస్తోంది.

"రండి మేస్త్రిగారూ, మీకు నూరేళ్లు. మీ మాటే అనుకుంటున్నాం."

"అది ఇటివ్వండి బాబూ."

"ఇస్తాలెండి. ఇందాకట్నుంచీ మా బావమరిదిని చంపుతున్నా, చావట్లేదు."

"అక్కనిచ్చినప్పుడే చచ్చాం బావా. ఇంకెన్నిసార్లు చంపుతావ్?"

"ట్రిగ్గర్ మీంచి వేలు తియ్యి," అన్నాడు మేస్త్రి. గౌరవం ఎటుపోయిందో అతనికే తెలియదు.

కాంట్రాక్టరు నవ్వు ఆగింది. మేస్త్రి రివాల్వర్ అందుకుని, గోడవైపు తిప్పి, మడత విప్పాడు. తూటా ఉంది. గోటితో లాగి వెనక్కి తిప్పి చూశాడు. అడుగున రాగి బొట్టు మీద గుంట. కొత్తది, మెరుస్తోంది. హ్యామర్ దానిమీద పడింది.

"ఏంటండీ అది?" అంది కాంట్రాక్టరు భార్య.

గుప్పిట మూస్తే సరిపోయేది. ఏంలేదమ్మా అంటే వాళ్లు నమ్మేవాళ్లు. కొట్టుకూ చెడ్డపేరు రాదు. మేస్త్రి అరచెయ్యి తెరిచాడు.

"నేను మరిచిపోయి లోపల వదిలేసిన తూటా తల్లీ. దీనిమీద దెబ్బ పడింది. మందు చెమ్మగిల్లి పేలలేదు, అంతే."

"ఖాళీ అర చూసుకునే కదా లాగింది..." అన్నాడు కాంట్రాక్టరు.

"లాగితే పక్కది వస్తుంది బాబూ. చెప్పాల్సింది నేనే."

బావమరిది చేతిలో బత్తాయి తొన అలాగే ఉండిపోయింది. అక్క టీ గిన్నె దించి, తమ్ముడి దగ్గరకెళ్లి, చొక్కామీద చెయ్యి వేసి, గుండె కొట్టుకుంటోందో లేదో చూస్తున్నట్టు నిలబడింది.

"మీరూ మేస్త్రిగారూ కలిసి దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించి రండి," అంది మొగుడివైపు చూడకుండా.

"అది మా తాత గుర్తు..."

ఆమె చెయ్యి తమ్ముడి గుండెమీంచి తియ్యలేదు. కాంట్రాక్టరు చెప్పులకోసం వెతుక్కున్నాడు.