రెండు జేబుల చొక్కా

"ఆ చీటీ కత్తిరించి ఇవ్వు వదినా. ఇలా ఇంటికి తీసుకెళ్లలేను" అంది సిస్టరమ్మ.

ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ ఒక్కసారి గొంతు పెంచితే వార్డంతా గప్‌చుప్ అయిపోయేదట. అలాంటావిడ ట్రయల్ రూమ్ తలుపు చాటున నిలబడి, నీలం చొక్కాను వీపు వెనక దాచుకుని గుసగుసలాడుతోంది.

బట్టల షాపులో యాభై దాటిన ఆడవాళ్ల వైపు చూసుకునేది నేనే. మడతలు పెట్టడం, హ్యాంగర్లకు తగిలించడం, జనం విప్పి పడేసినవి మళ్లీ సర్దడం. ఇన్నేళ్లూ ఇంట్లో చేసిన పనే. ఇక్కడ జీతమిస్తారు.

ఆ చీటీ మీద 'బాయ్‌ఫ్రెండ్ షర్ట్' అని ఉంది. పక్కదానికి 'గర్లీ టాప్'. నైటీకి 'బేబీ డాల్'. మా ఆయన పోయాక లైబ్రరీలో పెద్దవాళ్ల క్లాసుకు వెళ్లి తెలుగు, ఇంగ్లిషు అక్షరాలు నేర్చుకున్నాను. చదువు కొత్తగా వచ్చిన కళ్లు ఊరుకోవు. సబ్బు కవరైనా, బస్సు టికెట్టయినా చదవాల్సిందే. ఈ చీటీలు చదివి మొదట్లో నవ్వుకున్నాను. రానురాను నవ్వు రాలేదు.

"మా ఆయన చూశారంటే అయిపోయానే! 'ఎవడే ఆ కుర్రాడు?' అని కోడలి ముందే ఏడిపిస్తారు."

కత్తిరించి ఇచ్చాను. అలా ఎంతమందికి కత్తిరించానో!

మర్నాడే ఆ చొక్కా పట్టుకుని వచ్చేసింది. "ఏం చొక్కా అని ఆయన అడిగితే, ఆ పాడు పేరు నా నోట్లోంచే జారిపోయింది వదినా. ఇంకేముంది, ఇల్లంతా ఒకటే నవ్వులు."

చీటీ లేని సరుకును కంపెనీ వెనక్కి తీసుకోదు. మేనేజరు నన్ను పిలిచాడు. మా అబ్బాయికన్నా చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు.

"ఎవరు కత్తిరించారు పిన్నిగారూ?"

"నేనే బాబూ."

"ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం పోతుందండీ."

ఎక్కడికి, ఎందుకు అని ఎవరూ అడగకుండా నేను ఇల్లు దాటేది ఈ ఉద్యోగం వల్లే. అయినా నోరు ఆగలేదు. "ఆ పేర్లు చూసి వాళ్లు సిగ్గుతో చచ్చిపోతున్నారు బాబూ."

"అదేంటండీ! మిమ్మల్ని చిన్నవాళ్లను చేస్తుంటే సంతోషించాలి గానీ."

నిజంగా చిన్నదాన్నే ఒకప్పుడు. మా అబ్బాయి పుట్టిన కొత్తలో కుచ్చుల చేతుల జాకెట్టు వేసుకుంటే ఆయన ఎగాదిగా చూసి, "ఇంకా చిన్నపిల్లవనుకుంటున్నావా?" అన్నారు. "ఒళ్లో పిల్లాడు, ఒంటి మీద కుచ్చులూనా?" అన్నారు అత్తగారు. ఆ కుచ్చులు నా చేత్తోనే విప్పి పొయ్యి గట్టు తుడిచే గుడ్డ చేసుకున్నాను. అది మొదలు నా చేతుల్లో తిరిగినవి ఆయన చొక్కాలే. కాలరు మురికి రుద్దడం, ఊడిన గుండీలు కుట్టడం, ఇస్త్రీ చేయడం, జేబులో రుమాలు పెట్టి అందించడం. నాకు మాత్రం ఒక్క జేబూ లేదు. బస్సు డబ్బులు పిడికిట్లో పట్టుకుని, చెమటకు తడిసిన నోట్లు కండక్టరుకు ఇచ్చేదాన్ని. జాకెట్టుకు చిన్న జేబు కుట్టించుకుంటానంటే, "నీకు జేబెందుకు? దాచుకోడానికి నీ దగ్గరేముంది?" అని నవ్వారు ఆయన. నేనూ నవ్వాను.

"చిన్నవాళ్లుగా ఉండాల్సినప్పుడు ఉండనివ్వలేదు బాబూ. ఇంత దూరం నడిచొచ్చాక ఇప్పుడు వెనక్కి పొమ్మంటే ఎలా?"

అతను తల గోక్కున్నాడు. "పోనీ, స్టాండు మీద 'హుందా మహిళ' అని అట్ట పెడదామా? 'వయసుకు తగ్గ సొగసు' అంటే?"

మా అత్తగారు లేచి వచ్చినట్టయింది. నేను వాకిట్లో నిలబడి పక్కింటావిడతో నవ్వుతూ మాట్లాడుతుంటే, "హుందాగా ఉండడం నేర్చుకో" అని లోపలికి పిలిచేవారు.

"అదీ వద్దు. అక్కడ ఏముందో అది రాయండి. నీలం చొక్కా. రెండు జేబులు. గాలాడుతుంది."

"అలా రాస్తే ఎవరు కొంటారండీ?"

"చీటీ పోయిన ఆ చొక్కా నేను కొంటాను. ఆ ఒక్క స్టాండుకీ అట్ట నన్ను రాయనివ్వండి. సరుకు కదలకపోతే స్టాండుతో పాటు నన్నూ తీసేయండి."

అన్నాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అతను మార్కరు పెన్ను నా చేతికిచ్చాడు.

అక్షరాలు వంకర పోయాయి. 'గాలాడుతుంది' దగ్గర అట్ట చాలక కిందికి దించి రాశాను. కౌంటరు దగ్గరే నిలబడి ఇదంతా విన్న సిస్టరమ్మ దగ్గరికొచ్చి అట్ట చదివింది. ఇంకో నీలం చొక్కా తీసుకుంది. డబ్బు కట్టి, ట్రయల్ రూమ్‌లోకి వెళ్లి, అది తొడుక్కునే వచ్చింది.

"చీటీ తీసెయ్యనా?"

"ఉండనీ వదినా. అడిగితే ఈసారి ఆ పేరు నేనే గట్టిగా చదివి వినిపిస్తాను. నవ్వుకోనీ."

నా చొక్కా నేనూ తొడుక్కుని ఇంటికి బయల్దేరాను. ఒక జేబులో కళ్లజోడు, ఇంకో జేబులో తాళం చెవి. దారంతా చేతులు వాటంతట అవే జేబుల్లోకి పోయాయి.

తలుపు తెరిచిన మా అబ్బాయి, నేను లోపలికి రాకముందే నలిగిన తన చొక్కా చాపాడు. "రేపటికి ఇది ఇస్త్రీ చేసిపెట్టమ్మా." అప్పుడు చూశాడు నన్ను. "అదేంటి, ఆ చొక్కా ఎవరిది? నాన్నదా?"

"నాది" అన్నాను.

చొక్కా పట్టుకున్న వాడి చెయ్యి ఇంకా చాపే ఉంది. నేను చేతులు జేబుల్లోంచి తీయలేదు.