కొళాయి ముట్టకుండా

రాప్తాడు దాటాక హైవే పక్కన ఒక నర్సింగు స్కూలు ఉండేది. రెండువేల రెండు, మూడు ఆ ప్రాంతంలో కరువు పడినప్పుడు దానికి నీళ్ళ ట్యాంకరు తోలింది నేనే. బోరున్న తోటలో నింపుకోవడం, తెచ్చి స్కూలు సంపులో వదలడం, మళ్ళీ పోవడం. సంపు పక్కనే వాళ్ళ ప్రాక్టికల్ రూము. పైపు పట్టుకుని నిలబడితే కిటికీలోంచి లోపల జరిగేదంతా కనపడేది. పాఠం కూడా వినపడేది. చదువు మధ్యలో మానేసినవాణ్ణి కాబట్టి నాకది బాగానే ఉండేది.

ఆ రూములో చెప్పేది వనజాక్షి మేడం. గోరంట్ల వైపు మనిషి. పెద్దాసుపత్రిలో చాలా ఏండ్లు నర్సుగా చేసి ఇక్కడికి టీచరుగా వచ్చింది. పొద్దున వచ్చేటప్పటికే అలిసిపోయినట్టు ఉండేది. అయినా పిల్లలకు ఊరికే పుస్తకం చదివి వినిపించేది కాదు. ఒకర్ని మంచం మీద పడుకోబెట్టి, నువ్వు కాలు విరిగిన ముసలామెవి, నువ్వు ఆమె కోడలివి, నువ్వు నర్సువి అని చెప్పి ఆడించేది. పిల్లలు నవ్వుకుంటూనే నేర్చుకునేవాళ్ళు.

ఒక్క హనుమంతమ్మ దగ్గర మాత్రం ఏదీ పని చేయలేదు.

బెళుగుప్ప పిల్ల. కట్టు కట్టమన్నా, సూది వేయమన్నా ఆ పిల్ల తర్వాతే ఎవరైనా. కానీ ప్రాక్టికల్ పరీక్ష తప్పింది. ఎందులో అంటే, చేతులు కడగడంలో.

నేనూ మొదట నవ్వాను. తర్వాత చూస్తే తెలిసింది. నర్సులు కడిగేది మనం కడిగినట్టు కాదు. కొళాయి తిప్పాక నీళ్ళు పారుతూనే ఉండాలి. సబ్బు పెట్టి వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు అన్నీ రుద్ది, కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడుచుకోవాలి. అప్పుడు ఆ గుడ్డతో పట్టుకుని కొళాయి కట్టేయాలి. కడిగిన చేయి కొళాయికి తగిలిందా, మైల పడినట్టే. పరీక్షలో అది తప్పితే అక్కడే బయటికి పంపిస్తారు, తర్వాత ఇంజెక్షను సామాను సర్దే సూది ట్రే పెట్టనివ్వరు.

హనుమంతమ్మ చేయి ఆగదు. తడుపుకోగానే కట్టేస్తుంది. రుద్దుకుని మళ్ళీ తిప్పుతుంది. కడుక్కోగానే మళ్ళీ కట్టేస్తుంది. తుడుచుకునేంతసేపు ఆ నీళ్ళు ఊరికే పారుతుంటే ఆ పిల్ల మనసు ఒప్పుకోదు.

"మేయ్, మళ్ళీ ముట్టినావు," అనేది మేడం.

"ల్యాదు మేడం."

"ల్యాదా? చేయి చూపీ."

మేడం ముందే కొళాయి పిడికి ఎర్ర ముగ్గురంగు పూసి పెట్టింది. మొదట తిప్పినప్పుడు అంటింది సబ్బుతో పోతుంది, కడిగాక ముడితే ఉండిపోతుంది. హనుమంతమ్మ వేళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. పిల్లలంతా గొల్లుమన్నారు. "పెళ్ళికూతురు మాదిరి గోరింటాకు పెట్టుకునిందే!" అంది వాళ్ళలో రేఖ అనే పిల్ల. హనుమంతమ్మ కూడా నవ్వింది. మళ్ళీ కడగమంటే మళ్ళీ ఎర్రగానే వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఏం మే, నీకు అర్థం కాలేదా?"

"అర్థమయ్యింది మేడం. మా ఊర్లో ట్యాంకరు వచ్చినరోజు ఒక బిందె కోసం తలకాయలు పగలగొట్టుకుంటారు. ఈడ ఇట్ల పారబోస్తాంటే నా చేయి నా మాట వినడంల్యా."

"ఇంగొకసారి తప్పితే ఏమవుతాదో ఎరుకేనా?"

"ఎరుకే. ఇంట్లో అందరూ బెంగళూరికి బిల్డింగు పనికి పోతాండారు. పాసయితే నన్ను ఈడ ఇడిసిపెడ్తాడు మా నాయన. ల్యాకుంటే నన్నూ పిల్చుకపోతాడు."

మేడం బయటికి వచ్చి సంపు గట్టు మీద నా దగ్గర కూర్చుంది.

"ఓబుళేసూ, మొండి పిల్లలకి చెప్పినా. చదువురాని పిల్లలకి చెప్పినా. దీనికేం చెప్పేదప్పా? అది చేసేది తప్పని నాకే అనిపీదు."

నేనేం చెప్తాను? నీళ్ళు తెచ్చేవాణ్ణి నేను. పైపు సర్దుకున్నాను.

ఆ మధ్యాహ్నం అన్నాల తర్వాత పిల్లలు డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. రేఖ చెంబుతో పోస్తుంటే హనుమంతమ్మ రెండు చేతులూ పట్టింది. రుద్దింది, కడిగింది, విదిలించి పక్కకు తప్పుకుంది. చెంబును ముట్టలేదు. మేడం అన్నం తినడం ఆపేసి అదే చూస్తా ఉంది.

మర్నాడు రూములో కొత్త ఆట మొదలైంది. మేడం రేఖను కొళాయి పక్కన నిలబెట్టి, హనుమంతమ్మతో, "తిప్పేది, కట్టేది రేఖ పని. చెంబు దాని చేతిలో ఉండాదనుకో. నువ్వు చేతులు పట్టు, అంతే," అంది.

హనుమంతమ్మ ఎక్కడా తప్పు లేకుండా కడిగింది. చేతికి రంగు అంటలేదు. "చూసినారా!" అని రేఖే ఎగిరింది, తానే పాసయినట్టు.

"ఎగరొద్దు. పరీక్షలో నువ్వుండవు," అంది మేడం.

అక్కణ్ణించి రేఖను కొంచెం కొంచెంగా దూరం జరిపింది. ఒకరోజు బల్ల దగ్గర నిలబెట్టింది. హనుమంతమ్మ "కట్టు మే" అంటే వచ్చి కట్టాలి. తర్వాత కిటికీ దగ్గర. తర్వాత వాకిలి దగ్గర. వాకిలి నుంచి రేఖ పరుగెత్తి వచ్చేదాకా హనుమంతమ్మ చేతులు పైకి పట్టుకుని, పళ్ళు బిగబట్టుకుని నిలబడేది. "బిర్నా రాయే, నీళ్ళు పోతాండాయి!" అని అరిచేది. రేఖను బయటికి పంపి తలుపేసిన రోజు మాత్రం మళ్ళీ చేయి ఎర్రగా వచ్చింది.

పరీక్ష ముందురోజు కూడా ఎర్రగానే వచ్చింది. మేడం ఆ కొళాయి మీద రంగు తుడిచేసి, గుడ్డ పిండి ఆరేసి, మాట్లాడకుండా బస్సుకు వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు నీళ్ళు ఎక్కువ కావాలని నన్ను పొద్దున్నే రమ్మన్నారు. పరీక్ష పెట్టడానికి వేరే ఊరి నుంచి ఒక మేడం వచ్చింది. కోస్తా వైపు మాట. స్కూలు టీచర్లు లోపల ఉండకూడదట. వనజాక్షి మేడం వచ్చి నా ట్యాంకరు నీడలో కూర్చుంది, కిటికీ వైపు వీపు పెట్టి.

"నేను చూడనప్పా. నువ్వు చూసి చెప్పు."

హనుమంతమ్మ వచ్చింది. కొళాయి తిప్పింది.

"తిప్పింది," అన్నాను.

"కట్టిందా?"

"ల్యాదు. రుద్దుకుంటాంది."

"సందులు?"

"సందులు రుద్దింది. కడిగింది. చేతులు పైకెత్తింది."

గుడ్డ పక్కనే ఉంది. తీసుకుని తుడుచుకోవాలి. ఆ పిల్ల గుడ్డ తీసుకోలేదు. పారే నీళ్ళ వైపే చూస్తా ఉంది. కుడి చేయి కొంచెం కిందికి దిగింది. నేను చెప్పడం ఆపి మెడ చాచి చూశాను.

"ఏమయిందప్పా? చెప్పు!"

లోపల కోస్తా మేడం గొంతు వినపడింది. "ఏమ్మా, ఆగిపోయావేం?"

"మేడం, కొళాయి కట్టండి," అంది హనుమంతమ్మ.

"ఎవరు, నేనా?"

"అవును మేడం. నేను చేతులు కడిగినాను, ముట్టకూడదు. మీరు ఊరికే ఉండారు కదా. నీళ్ళు పోతాండాయి."

వనజాక్షి మేడం రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

నీళ్ళు పారుతూనే ఉన్నాయి. తర్వాత కుర్చీ జరిగింది. కోస్తా మేడం లేచి వచ్చి కొళాయి కట్టింది.

"నేను చాలామందికి పరీక్షలు పెట్టాను గానీ, నాకు పని చెప్పినదానివి నువ్వొక్కదానివే. రేపు వార్డులో నేనుండను కదా, అప్పుడెవరికి చెప్తావు?"

"ఎవరుంటే వాళ్ళకి చెప్తా మేడం. పేషెంటు పక్కన వాళ్ళోళ్ళు ఉంటారు కదా."

"ఎవరూ లేకపోతే?"

హనుమంతమ్మ గుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటి తుడుచుకుంది.

"అప్పుడు ఈ గుడ్డతో కడ్తా మేడం. పారినన్ని పారనీ."

ఆ చివరి మాట ఆ పిల్ల ఎంత కష్టంగా అందో, బయట నిలబడిన నాకే తెలిసింది.

"సరే, చేతులు అలాగే ఉంచు. సూది ట్రే పెట్టు," అంది కోస్తా మేడం.

నేను వనజాక్షి మేడం వైపు తిరిగాను. "ట్రే పెట్టమనింది మేడం."

"బయటికి పంపలేదా?"

"ల్యాదు. పెడ్తాంది."

మేడం సంతోషపడుతుందనుకున్నాను. ఆమె ట్యాంకరు చక్రానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. లోపల స్టీలు ట్రే చప్పుడు వినపడుతూ ఉంది.

"నేర్చుకునిందో ల్యాదో నాకింగా తెలీదు ఓబుళేసూ," అంది. "బతిమాలి, ఏమార్చి, నవ్వించి, ఇంతవరకూ తెచ్చినా. రేపు వార్డులో దాని పక్కన ఎవరుంటారో ఏమో." కాసేపటికి కళ్ళు తెరిచింది. "లోపల ఇంగా ఎవరెవరు మిగిలినారో చూసి చెప్పప్పా. లేచే ఓపిక ల్యాదు."

నేను పైపు కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాను.