అరవై రెండో పిట్ట

మా ఆఫీసు గోడ మీద ఒక పిట్ట బొమ్మ ఉంది. బొటనవేలంత ఒళ్లు. పొద్దస్తమానం పురుగులు ఏరుకు తింటుంది, ఎత్తైన కొండల మీద తడి అడవిలో తప్ప బతకదు. దాని గురించి లావుపాటి పుస్తకం రాసినాయన మా డైరెక్టరు. మోకాళ్ల నొప్పుల వల్ల కొండెక్కకుండానే రాశారు. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత ఆ పిట్టకంటే ఆయనకే బాగా నప్పుతుంది.

ఈ ఏడు పిట్టల లెక్క తీయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. యాభైకి తక్కువుంటే కొండ మీదికి వేసే రోడ్డు ఆగిపోతుంది. యాభై దాటితే పిట్టకేం ఢోకా లేదని తేల్చి వెదురు పొదలు నరికేస్తారు. ఆ పొదల్లో ఒక పిట్టల జంట గూడు కట్టుకుంది. మూడేళ్లుగా దాన్ని కంటికి రెప్పలా కాస్తున్నది మా అడవి కాపలాదారు. చూడకుండానే పిట్టను గుర్తుపడతాడని ఆయన్ని చెవుల తాత అంటాం.

లెక్క బాధ్యత డైరెక్టరుగారి అల్లుడిది. అర్హత ఏమిటని అడక్కండి, ఇప్పుడే చెప్పాను. మనుషుల్ని రెండు జట్లు చేసి లోయకు చెరోవైపు నిలబెట్టాడు. ఫోనులో పిట్ట కూత వినిపించాలి, జవాబొస్తే ఒక గీత గీయాలి. ఇటు ఫోను కూస్తే అటువాళ్లు గీశారు, అటు ఫోను కూస్తే ఇటువాళ్లు గీశారు. భోజనాల వేళకు అరవై ఒక్క పిట్టలు తేలాయి.

ఆ లెక్క నేను టైపు చేస్తుంటే తాత నా బల్ల దగ్గరికొచ్చాడు.

"అమ్మాయీ, అది కొట్టకు. అవి పిట్టలు కాదు, ఫోన్లు."

"నాతో అంటే ఏం లాభం తాతా, లోపల చెప్పు" అని కాగితంతో సహా ఆయన వెంటే వెళ్లాను.

లోపల డైరెక్టరుగారి పక్కనే ఉన్న అల్లుడిది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. "ఆ కూత మావయ్యగారు స్వయంగా రికార్డు చేసింది. అది తప్పంటావా?" అన్నాడు.

తాత డైరెక్టరుగారి వంక చూశాడు. "అదీ పిట్ట కాదయ్యా. ఆ రోజు మీరు కొండ కింద జీపులో కూర్చుని, కూత దొరక్కుండా ఇంటికెళ్లనన్నారు. నేనే పొద చాటున ఈలేశాను. నా ఉద్యోగం పోతే పోనివ్వండి, ఆ గూడు పోకూడదు."

ఆ పుస్తకం, ఆ బిరుదులు, ఈ గది, అన్నీ ఒక ముసలాయన ఈల మీద నిలబడ్డాయి.

"ఏదీ, వెయ్యి" అన్నాడు అల్లుడు.

తాత వేశాడు. కూతను బట్టి పిట్టను చెప్పే యాప్ ఒకటి అల్లుడి ఫోనులో ఉంది. దానికి చదువు చెప్పింది డైరెక్టరుగారి రికార్డింగే. అది క్షణంలో పిట్ట బొమ్మ చూపించింది. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఇదేనంది.

డైరెక్టరుగారు ఫోను వైపు చూశారు. తర్వాత నా చేతిలో కాగితం తీసుకుని, అరవై ఒకటి కొట్టేసి అరవై రెండు వేసి సంతకం పెట్టారు.

దాన్ని శుభ్రంగా మళ్లీ టైపు చేసింది నేనే. సిగ్గుగానే ఉంది, కానీ చేశాను.

తాత ఉద్యోగం పోలేదు. వెదురు నరికే రోజు అక్కడ డ్యూటీ ఆయనకే పడింది. రంపాలు రాకముందే పిట్టల్ని ఎగరగొట్టేద్దామని చప్పట్లు కొట్టాడట, పొదను కుదిపాడట, చివరికి ఈల కూడా వేశాడట. అవి కదల్లేదు. తాతే కదా అనుకున్నాయి.