బండి దిగినవాడు

2004 మే 3, సోమవారం ఉదయం, బాగ్దాద్‌కు దక్షిణాన ఒక రోడ్డు మీద సైనిక చెక్‌పోస్టు దగ్గర లారీ డ్రైవర్ కేశవను సైనికులు కాల్చి చంపారు. అతని వయసు ముప్ఫై నాలుగు. ఊరు అనంతపురం జిల్లాలో పామిడికి ఎదురుగా, పెన్న అవతలి గట్టున. లారీలో ఉన్నవి తాగునీటి సీసాలు.

కబురు బుధవారం వచ్చింది. పామిడి బస్టాండులో ఎస్.టి.డి. బూత్ నడిపే మనిషి సైకిల్ మీద ఊళ్లోకి వచ్చి కేశవ తండ్రి చెన్నప్పను వెంట తీసుకుపోయాడు. కువైట్ నుంచి మాట్లాడినవాడు ఓబులేషు. అదే ఊరివాడు, కేశవ వెనక లారీ నడిపినవాడు. చెన్నప్ప ఫోను పెట్టేసి, ఇంకో కాల్ వస్తుందేమోనని సాయంత్రం దాకా బూత్ ముందే కూర్చున్నాడు. రాలేదు.

కేశవ కువైట్ పోయి ఎనిమిది నెలలు. డ్రైవరు పని అన్నారు. ఇరాక్ అని ఎవరూ చెప్పలేదు. కంపెనీ పేరు మీద సరుకు సైన్యం క్యాంపులకు పోతుందని అక్కడికి చేరాకే తెలిసింది. వద్దన్నవాళ్ల పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరే ఉన్నాయి.

కంపెనీ తిప్పి పంపేయగా, కేశవ చనిపోయిన పదిరోజులకు ఓబులేషు ఊరు చేరాడు. తను చూసింది చెన్నప్పకూ, కేశవ భార్య ఈశ్వరికీ ఇంటి వసారాలో కూర్చుని చెప్పాడు. తర్వాత ఎవరు అడిగినా అదే చెప్పాడు. ఒక్క మాట మార్చలేదు.

వరసలో కేశవ లారీ రెండోది, ఓబులేషుది మూడోది. ముందు లారీని పంపించేశారు. కేశవ లారీ ముందుకు రాగానే ఇసుక బస్తాల వెనకనుంచి ఒక సైనికుడు చెయ్యి ఎత్తాడు. కేశవ బండి ఆపాడు. తలకు చుట్టుకున్న టవలు తీశాడు. కాగితాల సంచి పట్టుకుని దిగాడు.

బయల్దేరే ముందు క్యాంపులో చెప్పారు, బండి ఆపితే దిగొద్దు, చేతులు స్టీరింగ్ మీదే ఉంచాలి అని. ఇంగ్లీషులో చెప్పారు, తర్వాత ఒకతను హిందీలో చెప్పాడు. కేశవకు హిందీ కొద్దిగా వచ్చు. పన్నెండేళ్లు పామిడి నుంచి బెంగళూరుకు వేరుసెనగ లోడు తోలినవాడు. మన రోడ్ల మీద చెక్‌పోస్టు చెయ్యి ఎత్తితే డ్రైవరు దిగాలి. తలగుడ్డ తీయాలి. కాగితాలు తనే పట్టుకుపోయి బల్ల మీద పెట్టాలి. సీటు మీద కూర్చుని అద్దంలోంచి కాగితాలు చాపితే పొగరు అంటారు, బండి పొద్దుగూకేదాకా పక్కన నిలబెడతారు. ఇది అతని చేతికి అలవాటైన పని.

“నేను ముందుండింటే నేనే దిగిండేవాణ్ణి వదినా,” అన్నాడు ఓబులేషు. “తలకాయలో దిగొద్దని ఉండాది. కాళ్లు దిగతాయి.”

ఇంగ్లీషులో కేకలు వినిపించాయి. తర్వాత తుపాకులు. ఓబులేషు స్టీరింగ్ కిందికి వంగిపోయాడు. తల ఎత్తేసరికి కేశవ లారీకీ బస్తాలకూ మధ్య నేల మీద ఉన్నాడు. టవలు పక్కన పడి ఉంది. ఎటు తిరిగి ఉండగా దెబ్బ తగిలిందో తను చూడలేదన్నాడు. వెంటనే వెనక లారీలన్నిటినీ వేరే దావ పట్టించారు.

మరుసటి రోజు కడప నుంచి కంపెనీ ఏజెంటు వచ్చాడు. ఇంగ్లీషు కాగితం ఒకటి, దాని కింద తెలుగులో టైపు చేయించింది ఒకటి తెచ్చాడు. సైనికులు పదేపదే హెచ్చరించినా లెక్కచేయక వారి మీదికి దూసుకువచ్చినందువల్ల ఆత్మరక్షణ కోసం కాల్పులు జరిగాయి, తప్పు మృతునిదే, దీనిపై కుటుంబానికి ఎటువంటి ఫిర్యాదు లేదు అని అందులో ఉంది. ఆ సైనికులు ఏ దేశం వాళ్లో, ఏ దళం వాళ్లో లేదు. ఈశ్వరి సంతకం చేస్తే శవం వస్తుంది. లేకుంటే కువైట్ మార్చురీలో ఉంటుంది, గడువు దాటితే అక్కడే పూడుస్తారు.

ఈశ్వరి ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు కాగితం రెండుసార్లు చదివి, ఒక వాక్యం మీద వేలు పెట్టి అది కొట్టేస్తే సంతకం పెడతానంది. తప్పు మృతునిదే అన్న వాక్యం. ఏజెంటు తన చేతిలో లేదన్నాడు. కాగితం ఉంచి పోయాడు.

ఆ వారం పేపర్లలో బాగ్దాద్ జైలు ఫోటోలు వస్తున్నాయి. బట్టలు లేని ఖైదీలు, పక్కన నవ్వుతున్న సైనికులు. ఆదివారం పొద్దున మార్కండేయ ఆ పేపర్ల కట్టతో చెన్నప్ప ఇంటికి వచ్చాడు. ఆయన పామిడిలో చేనేత సంఘం నాయకుడు, ఎర్రజెండా పార్టీ మనిషి. పది నిమిషాల్లో వాకిలి నిండింది. మిలిటరీ రామదాసు కూడా వచ్చాడు. హవల్దారుగా రిటైరై ఊళ్లో ఉన్నవాడు, పదిహేడేళ్ల కింద శ్రీలంకలో పనిచేసినవాడు. కేశవకు దూరపు చుట్టం.

మార్కండేయ పేపర్లు మంచం మీద పరిచాడు. ఇది అమెరికా అసలు రూపం అన్నాడు. వియత్నాం చెప్పాడు, హిరోషిమా చెప్పాడు. ఈ సంతకం పెడితే ఆ హంతకులను మనమే వదిలేసినట్టు అన్నాడు. రామదాసు గోడకు ఆనుకుని విన్నాడు.

“మార్కండేయన్నా, మీ రష్యావోళ్లు ఆఫ్ఘనిస్తాన్లో పూలు పంచినారా?” అన్నాడు.

వాకిట్లో నవ్వారు. అది వేరే సంగతి అన్నాడు మార్కండేయ.

“మీది ఎప్పుడూ వేరేనే కదప్పా.”

అక్కడి నుంచి మాట పెరిగింది. సద్దాం మంచివాడా చెడ్డవాడా అని ఒకరు. మనోళ్లు లంకకు ఎందుకు పోయినారని ఇంకొకరు. నువ్వు ఆడ ఏం చేసినావో చెప్పు అని మార్కండేయ రామదాసును నిలదీశాడు. చెక్‌పోస్టులో నిలబడినానన్నాడు రామదాసు. ఒకరోజు ఒక ఆడమనిషి గంప నెత్తిన పెట్టుకుని ఆగమన్నా ఆగకుండా వచ్చింది, తన వేలు ట్రిగ్గరు మీదే ఉంది, ఆమెకు చెవులు వినపడవని పక్కనున్న ముసలాయన అరిచాడు కాబట్టి సరిపోయింది అన్నాడు. ఆ ముసలాయన లేకుంటే అని ఎవరో అడిగారు. మాట మళ్లీ జైలు ఫోటోల మీదికి పోయింది. ఒక ఫోటో నిజమా, కల్పితమా అన్నదాని మీద ఇద్దరు గట్టిగా వాదించుకున్నారు. చాయలు వచ్చాయి. కేశవ పేరు అరగంటగా ఎవరూ ఎత్తలేదు.

గడప దగ్గర బిడ్డతో కూర్చున్న ఈశ్వరి లేచి వచ్చింది. మంచం మీది పేపర్లు పక్కకు జరిపి ఏజెంటు ఇచ్చిన కాగితం పెట్టింది.

“రామదాసన్నా, నువ్వు మిలిటరీ మనిషివి. ఒక్కటే చెప్పు. తలగుడ్డ తీసి, కాగితాలు పట్టుకొని నడిచిపొయ్యేది దూసుకుపొయ్యేది అయితుందా?”

“దూరం నుంచి చూసేవానికి చేతిలో ఉండేది కాగితమో బాంబో తెలీదమ్మా. ఆగమంటారు. ఆగల్ల. కేశవ ముందుకే పోయింటాడు. ఆ పొద్దు తుపాకి పట్టుకొని ఆడ నేనున్నా అదే చేసిండేవాణ్ణి. ఎనక్కి తిరిగినోన్ని ఎవడూ కాల్చడు.”

“అయితే తప్పు ఆయప్పదేనా?”

“వానికి తెలీక చేసినాడు. తెలీక చేసినా తప్పు తప్పే కదమ్మా.”

మార్కండేయ అడ్డం వచ్చి సంతకం పెట్టొద్దు, కలెక్టరు దగ్గరికి తీసుకుపోతాను అన్నాడు.

తీసుకుపోయాడు. చెన్నప్ప, ఈశ్వరి, ఓబులేషు ఆయన వెంట అనంతపురం పోయారు. ఎన్నికల ఫలితాలు వచ్చి ప్రభుత్వం మారిన వారం అది. కలెక్టరు హైదరాబాదులో ఉన్నారు. ఓబులేషు చెప్పింది రాసుకోమని ఈశ్వరి అడిగింది. లోపల ఉన్న అధికారి, విదేశంలో జరిగినదానికి ఇక్కడ వాంగ్మూలం తీసుకోవడానికి వీల్లేదు, ఢిల్లీకి రాయండి అన్నాడు. మార్కండేయ ఢిల్లీకి టెలిగ్రాం ఇచ్చాడు. రెండోసారి పోయినప్పుడు కలెక్టరు కరువు పనుల మీటింగులో ఉన్నారు. మూడు గంటలు కూర్చున్నాక, అర్జీ పెట్టె చూపించారు.

ఇరవయ్యో తేదీన పార్టీ వాళ్లు పామిడి బస్టాండులో అమెరికా దిష్టిబొమ్మ తగలబెట్టారు. పంచిన కరపత్రంలో కేశవ ఫోటో ఉంది. పెళ్లినాటి ఫోటోలోంచి కత్తిరించి వేశారు. సామ్రాజ్యవాద సైన్యం జైల్లో చిత్రహింసలు పెట్టి చంపిన రాయలసీమ బిడ్డ అని దాని కింద ఉంది. ఈశ్వరి ఆ కరపత్రం పట్టుకుని సంఘం ఆఫీసుకు పోయింది.

“ఆయప్ప జైల్లో చావలేదు. దావలో చచ్చినాడు. అదే రాయండి.”

“అట్ల రాస్తే జనం కదలరు పాపా,” అన్నాడు మార్కండేయ.

“అబద్ధం ఆ కంపెనీవోళ్లే రాసినారు గదన్నా. ఇంగ మీదెందుకు?”

ఆయన మళ్లీ వేయిస్తానన్నాడు. వేయించలేదు. పంచగా మిగిలిన కరపత్రాలు ఆ సాయంత్రం బస్టాండులో బొరుగుల పొట్లాలకు పనికొచ్చాయి. ఒక పొట్లం ఈశ్వరి చేతికే వచ్చింది. బొరుగులు కొంగులో పోసుకుని కాగితం విప్పి మడిచి పెట్టుకుంది.

టెలిగ్రాంకు జవాబు రాలేదు. ఏజెంటు మాత్రం బూత్‌కు ఫోను చేశాడు. నెలాఖరుకు గడువు అన్నాడు. ఆ రాత్రి చెన్నప్ప కోడలితో మాట్లాడాడు. పొలం గట్టున తన తల్లిదండ్రుల సమాధులు ఉన్నాయి, పక్కనే తనకూ జాగా చూసిపెట్టుకున్నాడు, ఇప్పుడది కొడుక్కి ఇస్తానన్నాడు.

“కాగితంలో ఏమన్నా ఉండనీ తల్లీ. వాణ్ణి మన మన్నులో పెడదాం.”

“రేపు నా బిడ్డ సదువుకొని ఆ కాగితం సదివితే ఏం చెప్పల్ల మామా?”



మే 24న ఈశ్వరి సంతకం చేసింది. తప్పు మృతునిదే అన్న వాక్యం అలాగే ఉంది.

జూన్ 1న పెట్టె బెంగళూరుకు వచ్చింది. ఓబులేషు పోయి వ్యానులో తెచ్చాడు. మధ్యాహ్నం రెండు దాటాక ఊరు చేరారు. పెట్టె మీద సీళ్లు ఉన్నాయి. తెరవొద్దని, తెరిస్తే తమకు బాధ్యత లేదని ఏజెంటు మనిషి వ్యాను దగ్గర నిలబడి చెప్పాడు. మార్కండేయ జెండా తెచ్చాడు. అది కప్పుదామన్నాడు. చెన్నప్ప ఇద్దరినీ పక్కకు నిలబడమన్నాడు.

“నీళ్లు పోయకుండా మన్ను చెయ్యం. మా ఇంట్లో ఎవురికీ చెయ్యలేదు.”

ఆ రోజు నీళ్ల ట్యాంకరు రాలేదు. ఇళ్ల వాళ్లు తలా ఒక బిందె తెచ్చి వాకిట్లో పెట్టారు. నులక మంచం అడ్డం పెట్టి, దుప్పట్లు కట్టి మరుగు చేశారు. లోపలికి చెన్నప్ప, ఓబులేషు పోయారు. బరువు తిప్పడానికి మూడో మనిషి కావాలంటే రామదాసు చొక్కా విప్పి పోయాడు. సుత్తితో సీళ్లు కొట్టిన చప్పుడు బయటికి వినిపించింది. తర్వాత నీళ్లు పోస్తున్న చప్పుడు. కాసేపటికి అది ఆగింది. మళ్లీ మొదలు కావడానికి చాలాసేపు పట్టింది.

ముందుగా రామదాసు బయటికి వచ్చాడు. చేతులకు పసుపు ఉంది. ఈశ్వరి ఎదురుగా నిలబడి ఉంది.

“ముందుకే పోయినాడా అన్నా?”

రామదాసు తువ్వాలు కోసం చూశాడు. ఎవరూ ఇవ్వలేదు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

“వీపున చిన్న బొక్కలుండాయి. దూది పెట్టినారు. రొమ్మున పెద్దవి, కుట్లేసినారు.”

“అంటే?”

“తూటా దూరినకాడ చిన్నదుంటాది, బయటపడినకాడ పెద్దది. దెబ్బ ఎనకనుంచి తగిలిందమ్మా. తిరుక్కొని బండికాడికే వస్తాన్నాడు.”

మార్కండేయ ముందుకు వచ్చి, ఇదే మాట ప్రెస్ ముందు చెప్పాలన్నాడు. రామదాసు చెప్తానన్నాడు. ఏజెంటు మనిషి వ్యాను ఎక్కుతూ, కాగితం మీద సంతకం అయిపోయింది గదా, ఇంక ఫిర్యాదు చెల్లదు అన్నాడు. ఈశ్వరి ఇంట్లోకి పోయి ఉతికిన టవలు ఒకటి తెచ్చి మామ చేతికి ఇచ్చింది. చెన్నప్ప దాన్ని కొడుకు తలకు చుట్టాడు.

పొద్దుగూకే ముందు పొలం గట్టున పూడ్చారు.

రామదాసు పేపర్ల వాళ్లతో రెండుసార్లు మాట్లాడాడు. వార్త రాలేదు. పోస్టుమార్టం జరగలేదు. పామిడి పోలీసు స్టేషన్లో కేసు లేదు. చిన్న గాయాలు వీపు మీద, పెద్దవి ఛాతీ మీద ఉన్నాయని చెన్నప్ప, ఓబులేషు, రామదాసు వేరువేరుగా చెప్పారు. మూడు మాటలూ ఒకటే.